మా నాన్న తిట్టని ఒకే ఒక్కడు

మా నాన్న బస్సు డిపో వర్క్‌షాపులో హెడ్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. వాళ్ళలో ఎవరినైనా ఆపి మా నాన్న సంగతి ఎత్తండి, ముందు నవ్వుతారు, ఆ తర్వాత చెవులు తడుముకుంటారు. ఆయన ఎవరి చెవీ మెలిపెట్టిన పాపాన పోలేదు. ఆయన నోరే అలాంటిది.

అయితే ఆ నోటికి ఒక పద్ధతి ఉంది. దొరికినవాణ్ణల్లా తిట్టేసే రకం కాదు నాన్న. పనికొస్తాడనుకున్నవాణ్ణే తిట్టేవాడు. కొత్తగా చేరినవాడెవడైనా నట్టు పాడుచేస్తే, "నీ చేతిలో అన్యాయంగా చచ్చిపోయిందిరా పాపం, దాని ఉసురు ఊరికే పోదు" అని మొదలుపెట్టి, వాడి బుర్రనీ, వాడి కళ్ళనీ, పొద్దున వాడు తిన్న తిండినీ వరసగా పలకరించి గానీ వదిలేవాడు కాదు. వీడికి పని రాదు, రాబోదు అని తేలిపోయినవాడి దగ్గర మాత్రం గొంతు పెంచేవాడు కాదు. "మీరు అలసిపోయినట్టున్నారు బాబూ, అలా నీడన కూర్చోండి" అనేవాడు. ఆ మర్యాద వినపడగానే మిగతావాళ్ళు తలలు దించుకునేవాళ్ళట. కొద్దిరోజుల్లోనే ఆ మనిషి స్టోర్స్‌లోకో, టికెట్ల కౌంటర్లోకో మారిపోయేవాడు.

తిట్లు తిని నిలదొక్కుకున్నవాడికి ఎప్పుడో ఒకప్పుడు పేరు పెట్టేవాడు. అదీ అసలైన ముద్ర. తుప్పు, గొట్టం, నిప్పుముక్క, అడ్డగేరు. ఇళ్ళల్లో పెట్టిన పేర్లు ఏమిటో వాళ్ళ పెళ్ళి శుభలేఖలు చూస్తే తప్ప మాకు తెలిసేవి కావు. తుప్పు ఇప్పుడు అదే వర్క్‌షాపుకు హెడ్డు. బల్ల ముందు దర్జాగా కూర్చుని ఉన్నప్పుడు ఎవరైనా "తుప్పుగారూ" అని పిలిస్తే, బిరుదు విన్నవాడిలా తలెత్తుతాడు.

ఇలాంటి మనిషికి అల్లుడొచ్చాడు.

అక్కకి పెళ్ళి కుదిరిన రోజునే అమ్మ నాన్నని కూర్చోబెట్టింది. "మీ నోరు వర్క్‌షాపులో వదిలేసి రండి. వచ్చేవాడు అల్లుడు, మీ దగ్గర పని నేర్చుకునేవాడు కాదు. అతన్ని ఒక్క మాటన్నా ఊరుకోను" అని, తన నెత్తిమీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకుంది. నాన్న ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. మరీ అంత ఘోరంగా నిలబెట్టుకుంటాడని అమ్మ కూడా అనుకోలేదు. బావ గుమ్మంలోకి వస్తే చాలు, నాన్న లేచి నిలబడి "రండి అల్లుడుగారూ" అని, కుర్చీ తుడిచి, గ్లాసుతో మంచినీళ్ళు అందించి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక గోడ గడియారం వంక చూస్తూ కూర్చునేవాడు. మామా అల్లుళ్ళు మాట్లాడుకుంటుంటే రెండు ఆఫీసులు ఉత్తరాలు రాసుకుంటున్నట్టు ఉండేది.

మా బావది బేకరీ. తెల్లారేసరికి రొట్టెలు దింపేసి, మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే దూరపు బంధువులు తీసుకెళ్ళి హాస్టల్లో చేర్చారు. అక్కడ ఆలస్యంగా వచ్చినా అడిగేవాళ్ళు లేరు, పరీక్ష తప్పినా అడిగేవాళ్ళు లేరు. నేను బళ్ళో ఆటల టీచర్ని, మెడలో విజిలూ ముక్కుమీద కోపమూ నా యూనిఫాంలో భాగాలు. పిల్లల్ని కేకలేసి వచ్చి ఇంట్లో ఆ ముచ్చట చెబుతుంటే, బావ నోరు తెరుచుకుని వినేవాడు. ఆ పిల్లలు అదృష్టవంతులు అనేవాడు. నేను అది వేళాకోళం అనుకునేదాన్ని.

నాన్న రిటైరయ్యాక ఇంట్లో ఉన్న ప్రతి తలుపు బందుకీ నూనె వేశాడు, రెండోసారి కూడా వేశాడు. ఇక అమ్మ చేతి గరిటెను కూడా విప్పి చూస్తాడేమో అనుకుంటున్న రోజుల్లో, మిలటరీవాళ్ళు పాత లారీలు వేలం వేస్తున్నారని కబురొచ్చింది. నాన్నకి ఆ లారీలంటే చిన్నప్పటినుంచీ పిచ్చి. వెళ్ళి చూసి వచ్చాడు, అన్నం సగంలో లేచాడు, మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాడు. ఈ సంగతి అక్క ద్వారా బావ చెవిన పడింది. తనూ సగం భాగం ఉంటానని, బేకరీకి పిండి బస్తాలు మోయడానికి లారీ ఎలాగూ కావాలని బావ అక్కచేత చెప్పించాడు. పిండి బస్తాలకి మూడు చక్రాల బండి చాలని అక్కకీ తెలుసు. అయినా చెప్పింది. అలా మా ఇంటి పక్క ఖాళీ స్థలంలోకి ఆ పర్వతం వచ్చి దిగింది.

పర్వతమే. ముందు రెండు చక్రాలు, వెనక ఎనిమిది, అన్నీ ఇంజను బలంతో తిరిగేవే. రంగు అటు ఆకుపచ్చా కాదు, ఇటు మట్టీ కాదు. ఒక దీపానికి రేకు టోపీ ఉంది, ఆకాశంలోంచి శత్రువుకి వెలుతురు కనపడకుండా. డ్రైవరు పక్క సీటుమీద కప్పుకి గుండ్రటి కంత ఉంది, సైనికుడు లేచి నిలబడి చుట్టూ చూడడానికి. ఆ కంత చూసిన క్షణంలోనే అది నాది అని ప్రకటించేశాను. బండికి తాళంచెవి అంటూ లేదు. యుద్ధంలో తాళంచెవి వెతుక్కుంటూ ఎవరు కూర్చుంటారు, స్విచ్చు తిప్పి కాలికింద బటన్ తొక్కడమే. అందుకని నాన్న రోజూ సాయంత్రం ఇంజన్లోంచి బొటనవేలంత ముక్క ఒకటి పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. అది లేకపోతే బండి స్టార్టవదు. అమ్మ ఆ ముక్కని చొక్కాతోపాటు ఎన్నిసార్లు ఉతికి ఆరేసిందో లెక్కలేదు.

బండి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం టైర్లు విప్పే పని పెట్టుకున్నారు. తుప్పు, గొట్టం, ఇంకా ఇద్దరు ముగ్గురు శిష్యులు కూడా చూడడానికి వచ్చారు. ఈ లారీలకి ఎడమవైపు చక్రాల నట్లు తిరకాసువి. మామూలుగా నట్టు ఎటు తిప్పితే ఊడుతుందో, ఇవి అటు తిప్పితే ఇంకా బిగుస్తాయి. పరుగులో వదులవకుండా అలా చేశారట. బావకి ఆ సంగతి తెలియదు. స్పానరుకి పొడుగాటి పైపు తొడిగాడు, పైపుమీద నిలబడ్డాడు, ఊడటం లేదని ఒక గెంతు గెంతాడు. నట్టు కూర్చునే ఇనుప కడ్డీ, స్టడ్డు అంటారు దాన్ని, టప్పున తెగి వాకిట్లో పడింది.

శిష్యులంతా ఊపిరి బిగబట్టారు. తుప్పు అలవాటుకొద్దీ ఒక అడుగు వెనక్కి వేశాడు. నాన్న మెడ నరం ఒకటి పైకి లేచి, మళ్ళీ అణిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆయన వంగి ఆ ముక్క తీసుకుని, తుడిచి, "పర్వాలేదండీ అల్లుడుగారూ. పాత స్టడ్డు. ఎవరు తిప్పినా తెగేదే" అన్నాడు. ఆ తర్వాత, మీరు కాసేపు నీడన కూర్చోండి అని కూడా అన్నాడు.

తుప్పు మొహం పక్కకి తిప్పుకున్నాడు. బావ వెళ్ళి నీడన కూర్చున్నాడు. గండం గడిచిందని సంతోషించాల్సిన మనిషి, పరీక్ష పోయినవాడిలా ఉన్నాడు.

అప్పటినుంచీ ఇదే వరస. బావ గేరు మారుస్తుంటే పెట్టెలోంచి ఎముకలు విరిగినట్టు శబ్దం వచ్చేది. నాన్న కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, "చక్కగా తోలుతున్నారు" అనేవాడు. ఏదైనా చెప్పక తప్పనప్పుడు నన్ను వాడుకునేవాడు. నాన్న లారీ కింద పడుకుని ఉండేవాడు, బావ ఇంజనుమీద వంగి ఉండేవాడు, ఇద్దరి మధ్యా మూరెడు ఇనుము. "ఆ గొట్టం అంత బిగించక్కర్లేదేమో, మీ బావగారిని అడుగు" అని కింది నుంచి వచ్చేది. అది నేను పైకి చెప్పాలి. బావ జవాబు కిందికి చెప్పాలి. టెలిఫోను తీగకైనా రాత్రిళ్ళు విశ్రాంతి ఉంటుంది, నాకు లేదు.

ఆదివారాలు శిష్యులు రావడం అలవాటైపోయింది. లారీ పక్కన పడేసిన పెద్ద స్పేరు టైరుమీద చుట్టూ కూర్చుని, ఎవరు ఎప్పుడు ఎన్ని తిట్లు తిన్నారో చెప్పుకునేవాళ్ళు. నన్ను మూడు రోజులు తిట్టారని ఒకడంటే, నన్ను తిట్టడానికి భోజనం మానేశారని ఇంకొకడు. అబ్బో, ఆ గొప్పలు వినాలి. బావ బుట్టనిండా బన్నులు తెచ్చి అందరికీ పంచి, నిలబడి వినేవాడు. ఆ టైరుమీద మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. ఒకరోజు ఖాళీ బుట్ట నా చేతికిస్తూ మెల్లగా అడిగాడు.

"నన్నెందుకు తిట్టరు మరదలా మీ నాన్న? అంత పనికిరానివాణ్ణా?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. అమ్మ ఒట్టు సంగతి చెప్పాను. ఒట్టు పెళ్ళికి ముందుది, ఇన్నేళ్ళలో ఇంటి మనిషిననిపించి ఉంటే ఎప్పుడో ఒకసారి నోరు జారేది కదా అన్నాడు బావ. నేను తిన్నగా నాన్న దగ్గరికి వెళ్ళి, బావని కాస్త తిట్టు నాన్నా, బెంగపెట్టుకున్నాడు అన్నాను. నాన్న నన్ను తిట్టాడు. అల్లుణ్ణి తిట్టమనడానికి బుద్ధుందా అన్నాడు. మంచి మనిషి, ఒక మాటంటే మనసు విరిగిపోతే మళ్ళీ అతికించగలవా అన్నాడు. ఒకరికి తిట్లు కావాలి, ఇంకొకరికి తిట్టాలంటే భయం. నాకు ఇద్దర్నీ మైదానం చుట్టూ పరిగెత్తించాలనిపించింది.

ఆ లారీకి ముందు బంపరులో వించ్ ఉంది. ఇనుప తాడు చుట్టిన పెద్ద డ్రమ్ము అది. ఇంజను దాన్ని తిప్పుతుంటే తాడు చుట్టుకుంటూ, కట్టిన బరువుని లాక్కొస్తుంది. బురదలో దిగిన ట్రాక్టర్లూ, కాలవలో పడ్డ కార్లూ, ఏది ఇరుక్కున్నా మాకే కబురొచ్చేది. ఇంజనుకీ డ్రమ్ముకీ మధ్య వేలంత పిన్ను ఒకటి ఉంటుంది. అది మెత్తటిది. కావాలనే మెత్తటి ఇనుముతో చేస్తారు. బరువు మితిమీరితే అన్నిటికంటే ముందు అది తెగిపోతుంది, డ్రమ్ము ఆగిపోతుంది, తాడూ మనుషులూ మిగులుతారు. నాన్న ఆ పిన్నులు తనే కడ్డీలోంచి కోసి, రాకి, బావ ఇచ్చిన బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. ఒకటి తెగినప్పుడల్లా ఆ ముక్క కళ్ళకద్దుకుని "బతికించావే తల్లీ" అనేవాడు.

ఇక పడవ సంగతి. మా ఊరి నదికి వంతెన లేదు. ఒక పెద్దావిడ తన పడవలో మనుషుల్నీ సైకిళ్ళనీ అవతలికి చేరుస్తుంది. ఆవిణ్ణి ఊరంతా పడవామె అనే అంటారు. ఆ పడవ అడుగు చెక్కలు నానిపోయి నీళ్ళు ఊరుతున్నాయి. నది పొంగకముందే ఒడ్డుకి లాగి బాగుచేసుకోవాలి, లేదంటే ఆ పొంగులో పడవ మిగలదు. పదిమంది పట్టి లాగితే అది బురదలో ఇంకాస్త దిగబడి కూర్చుంది. పడవామె మా వాకిట్లోకి వచ్చింది.

మేమందరం వెళ్ళాం. అమ్మా అక్కా రొట్టెల బుట్టతో గట్టుమీద కూర్చున్నారు. లారీని గట్టుమీద నదివైపు తిప్పి నిలబెట్టి, చక్రాలకింద రాళ్ళు పెట్టారు. నాన్న కిందికి దిగి పడవకి తాడు కట్టి పక్కకి జరిగాడు. బావ డ్రైవరు సీట్లో. నేను కప్పు కంతలోంచి పైకి లేచి విజిలుతో సిద్ధం. ఒక విజిలంటే లాగు, రెండంటే ఆపు.

ఒక విజిల్ ఊదాను. తాడు బిగిసింది, పడవ మూలిగింది, పిన్ను తెగింది. నాన్న పైకొచ్చి ఇంకోటి వేశాడు. అదీ తెగింది. మూడోది కూడా తెగేసరికి చూడవచ్చిన జనంలోంచి నవ్వులు మొదలయ్యాయి. పెద్దాయన పిన్నులు పిప్పరమెంట్లలా ఉన్నాయే అన్నాడొకడు, చెయ్యి పట్టు తప్పినట్టుందని ఇంకొకడు వంత పాడాడు. ఆ మాటకి బావ దవడ బిగుసుకుంది.

నాన్న నన్ను కిందికి పిలిచి గొణిగాడు. కప్పీ వేస్తే బరువు సగమవుతుంది, మీ బావగారి చెవిన ఒకసారి వెయ్యి అన్నాడు. నువ్వే చెప్పొచ్చుగా, ఎదురుగానే ఉన్నాడుగా అన్నాను. బండి ఆయన తోలుతున్నారు, నలుగురిలో నేను చెబితే బాగుండదు అన్నాడు. వెళ్ళి బావకి చెప్పాను. కప్పీ సీటుకింద పెట్టెలోనే ఉంది. కానీ దాన్ని ఎలా కట్టాలో బావకి తెలియదు, తెలియదని మామగారి ముందు ఒప్పుకోవడానికి సిగ్గు. ఈసారి వచ్చేస్తుందిలే అని, "మీరు పడవ దగ్గరే ఉండండి మామయ్యగారూ, పిన్ను నేను వేస్తాను" అని కేకేశాడు. "మీ ఇష్టమండీ" అని నాన్న పడవ దగ్గరికి దిగిపోయాడు.

బావ వేసింది పిన్ను కాదు. పెట్టెలో కమానుకట్ట తాలూకు బోల్టు ఒకటి ఉంది, గట్టి ఉక్కుది, తళతళలాడుతున్నది. మామగారి పిన్నుల్ని నలుగురూ నవ్వుతుంటే భరించలేక, మీ పిన్ను బలం చాలడం లేదని ఆయనతో అనలేక, ఎవరికీ తెలియకుండా దాన్ని దూర్చాడు. ఈ సంగతులన్నీ తర్వాత తెలిసినవి. అప్పుడు నేను కంతలోకి ఎక్కి ఒక విజిల్ ఊదాను.

తాడు బిగిసింది. ఇంజను గొంతు లావైంది. పడవ కదల్లేదు. చక్రాలకింద రాళ్ళు కరకరమన్నాయి, లారీయే ముందుకి జారడం మొదలెట్టింది. తాడు సన్నగా కూత పెట్టింది. ఇప్పటికి పిన్ను తెగాలి. నాకు ఆ ఆలోచన రాలేదు, నాన్నకి వచ్చింది. ఆయన పడవ పక్కన చెవి రిక్కించి నిలబడ్డాడు. తాడులో ఒక పోగు టప్పున తెగిన చప్పుడు వినపడింది.

మోకాళ్ళ నొప్పి అని మేడ ఎక్కని మనిషి ఆ గట్టు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు.

"ఒరేయ్ వెధవా! క్లచ్ తొక్కరా! తొక్కి అలాగే పట్టుకో! నువ్వు లోపలికి వంగవే!"

రెండోది నాకు. విజిల్ ఊదే వ్యవధి కూడా లేకుండా సీటుమీదికి కూలబడ్డాను. బావ క్లచ్‌మీద రెండు కాళ్ళూ వేసి నిలబడ్డాడు. డ్రమ్ము ఆగింది. "ఇప్పుడు వెనక్కి తిప్పు. మెల్లగా. మెల్లగా అన్నానా? అది పిండి ముద్దనుకున్నావా పిసకడానికి?" తాడు వదులై నేలమీద పడేదాకా నాన్న గొంతు ఆగలేదు. తర్వాత బావని దిగమన్నాడు, బంపరుకింద చెయ్యి పెట్టి తడిమి ఆ బోల్టు తలని చూశాడు. ఇక అప్పుడు మొదలైంది అసలుది. ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా వరస తప్పకుండా బయటికొచ్చింది. ఎడమవైపు స్టడ్డు వచ్చింది, గేరుపెట్టె వచ్చింది, అతిగా బిగించిన గొట్టం వచ్చింది. కప్పీ కట్టడం రాకపోతే రాదని అడగడానికి నోరు లేదా, మొహమాటం రొట్టెల్లో పెట్టుకుని అమ్ముకో, ఇక్కడికి తేకు అన్నాడు. జనం నవ్వడం ఎప్పుడో మానేశారు. చివర్న నాన్న తెగిన పిన్ను ముక్క ఒకటి తీసి బావ ముందు పట్టాడు.

"పిన్నెందుకురా మెత్తగా ఉండేది? అది తెగితే ఇంకోటి వేసుకుంటాం. నువ్వు పోతే ఇంకోణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చుకోనురా నేను?"

బావ మట్టిలో నిలబడి, చేతులు రెండూ పక్కన వేలాడేసి, కళ్ళనిండా నీళ్ళతో నాన్న వంకే చూస్తున్నాడు. ఆ మొహంలో ఉన్న వెలుగు నేను అతని పెళ్ళినాడు కూడా చూడలేదు. అక్క చూస్తే నన్ను చంపేస్తుంది గానీ, నిజం.

గట్టుమీంచి అమ్మ "ఏమండీ" అంది. అంతే. నాన్నకి ఒళ్ళు తెలిసింది. మొహం తెల్లబోయింది. భుజంమీది గుడ్డతో చెమట తుడుచుకుని, చేతులు దగ్గరికి తెచ్చి, "అల్లుడుగారూ, ఏదో కంగారులో" అని మొదలుపెట్టాడు.

బావ మొహంలో దీపం ఆరిపోయింది. మళ్ళీ నీడన కూర్చోబెడుతున్నారు అతన్ని. నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. విజిల్ నోట్లో పెట్టుకుని ఊపిరి కొద్దీ రెండుసార్లు ఊదాను.

రెండంటే ఆపు. నాన్న అలవాటుకొద్దీ ఆగిపోయాడు, నోరు తెరిచి ఉండగానే. అందరూ నా వైపు తిరిగారు. ఆ సందులో బావ సీటుకింది పనిముట్ల పెట్టె బయటికి లాగి దానిమీదికి వంగాడు. ఆ బోల్టు తియ్యాలంటే అరచేతంత స్పానరు కావాలి, అది పైనే ఉంది. బావ దాన్ని పక్కకి నెట్టి, అడుగునుంచి అన్నిటికంటే చిన్నదాన్ని, చెవిపోగు బిగించడానికి పనికొచ్చేంత దాన్ని వెతికి తీశాడు. దాన్ని పట్టుకుని బోల్టు ముందు కూర్చుని, నాన్న వైపు తలెత్తి చూశాడు.

నాన్న ఆ స్పానరుని చూశాడు. బోల్టుని చూశాడు. బావని చాలాసేపు చూశాడు. ఆయన మెడ నరం లేచింది. ఈసారి అణగలేదు.

"కళ్ళు బేకరీలో పెట్టొచ్చావురా?" అన్నాడు మెల్లగా. "అది కాదు. పక్కది తియ్యి."

బావ పక్కది తీశాడు. ఆ నవ్వు దాచుకోవడానికి బంపరుకింద తల దూర్చాడు గానీ, భుజాలు ఊగుతుంటే తెలియదా. అక్క కంగారుగా లేవబోతే అమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఒట్టు తీసి గట్టున పెట్టేశానని మీ నాన్నకి చెప్పు అంది నాతో. ఈ ఒక్క కబురు మాత్రం నేను సంతోషంగా మోశాను.

ఆ తర్వాత పని నడిచింది చూడండి. నాన్న బావ చేత కప్పీ పడవకి కట్టించాడు, తాడు దానిచుట్టూ తిప్పించి కొసని మళ్ళీ లారీ కొక్కేనికే తగిలించాడు. ముడి తప్పుగా వేస్తే విప్పించాడు, సరిగ్గా వేసినా అంతసేపా అన్నాడు. కొత్త మెత్తటి పిన్ను వేశారు. ఒక విజిల్ ఊదాను. పడవ బురదని పెద్దగా చప్పరిస్తూ పైకి లేచింది, జారుకుంటూ గట్టెక్కింది. పిన్ను తెగలేదు. జనం ఈలలు వేశారు. పడవామె పడవ చుట్టూ తిరిగి దాని చెక్కలు నిమిరి, "ఇన్ని తిట్లకి జడిసి అదే ఎక్కొచ్చినట్టుంది" అంది. నాన్న సిగ్గుపడ్డాడు. నేను మొదటిసారి చూశాను అది.

అప్పటినుంచీ మా ఇంటి పక్క స్థలంలో ప్రశాంతత లేదు. గేరు చప్పుడైతే చాలు నాన్న కేక, దానికి బావ ఎదురు సమాధానం. ఎదురు సమాధానాలు కూడా నేర్చాడు మహానుభావుడు. మా ఆయన్ని నాన్న అలా అంటుంటే బాగాలేదని అక్క మొదట్లో గునిసింది. ఆ మధ్య నాన్న జ్వరంతో ఒకరోజు తిట్టకపోతే బావ రొట్టెలన్నీ మాడ్చుకొచ్చాడు. ఇక అక్క కూడా ఊరుకుంది. నా ఉద్యోగం మాత్రం పోయింది. టెలిఫోను తీగతో ఇప్పుడు ఎవరికీ పనిలేదు. నేను ఆ కంతలోంచి లేచి నిలబడి ఊరంతా చూసుకుంటూ తిరుగుతున్నాను.

పడవ మళ్ళీ నదిలోకి దిగిన తర్వాత ఆదివారం శిష్యులు వచ్చారు. నాన్న లారీకింద పడుకుని పనిలో ఉన్నాడు. బావ బన్నుల బుట్ట కింద పెట్టి, గొంతు సవరించుకుని, తన కథ మొదలుపెట్టాడు. ఏం చెప్పాడు, ఏం చెప్పాడు! నది ఒడ్డు దద్దరిల్లిందట, మామగారి కేకకి కొంగలు లేచి ఎగిరిపోయాయట, పొద్దు వాలేదాకా తిట్టారట, మధ్యలో నీళ్ళు తాగి మళ్ళీ తిట్టారట. గొట్టం, నిప్పుముక్క కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నారు. తుప్పు మొహంలో కాస్త అసూయ కూడా కనపడింది నాకు.

"అన్ని అనలేదురా, అబద్ధాలకోరా" అని లారీ కిందినుంచి గొంతు వచ్చింది. "సగం నువ్వే కలిపావు."

"విన్నారుగా" అన్నాడు బావ అందరి వైపూ తిరిగి.

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులోనే లారీ కిందినుంచి గ్రీజు చెయ్యి ఒకటి బయటికొచ్చి, అరచెయ్యి తెరిచి ఎదురుచూసింది.

"ఒరేయ్ బోల్టూ, ఆ పెద్ద స్పానరు ఇలా ఇయ్యి."

నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. శిష్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అలా పిలిచినది ఎవరినో అర్థం కావడానికి బావకి కాస్త సమయం పట్టింది. తర్వాత పెట్టె దగ్గరికి వెళ్ళి, పెద్ద స్పానరు, సరైనదే, తీసి ఆ చేతిలో పెట్టాడు. తిరిగి వచ్చేసరికి తుప్పు స్పేరు టైరుమీద పక్కకి జరిగి చోటు చేసి ఉన్నాడు. బావ కూర్చుని, బుట్టలోంచి ఒక బన్ను తనకోసం తీసుకున్నాడు.